ముప్పై ఒకటో నంబర్ జాయింట్

2024 ఫిబ్రవరి 1, గురువారం. అజ్మాన్.

బాషా ఇవాళ చెప్పాపెట్టకుండా ఊడిపడ్డాడు. వచ్చినవాడు ఊరికే రాలేదు. రికవరీ లారీ మీద తన ఎడారి బండిని ఎక్కించుకొచ్చి మా వాకిట్లో దింపించాడు. వెనక చక్రాలు రెండూ పైన లోపలికి వాలిపోయి, మోకాళ్లు అరిగిన ముసలాడు నించున్నట్టుంది దాని వాలకం.

"వెనక యాక్సిల్ వంగిందబ్బా. వంగడమే కాదు, గొట్టం చీలింది కూడా. నీళ్ల ట్యాంకు ఎక్కించుకొని దిబ్బ దిగతా ఉంటే ఠప్పుమనింది" అన్నాడు, అదేదో పక్కింటివాడి బండన్నట్టు నవ్వుతూ.

అల్ దైద్ అవతల ఇసకలో వాళ్ల అర్బాబ్‌కి, అంటే యజమానికి, ఒంటెల దొడ్డి ఉంది. ఒంటెలకి నీళ్లూ గడ్డీ మోసే పని బాషాది. పెద్ద అర్బాబ్ పోయిన ఏడాది పోయాడు. ఇప్పుడు కొడుకు పెత్తనం. పదిహేనో తారీకున వస్తాట్ట. బండి నడిస్తే బాషా ఉంటాడు. నడవకపోతే బండి తుక్కుకి, బాషా నెల్లూరికి, ఖలాస్. అరవైకి దగ్గర పడ్డవాడికి కొత్త వీసా ఎవడిస్తాడు? ఇంకో రెండేళ్లుంటే చిన్నమ్మాయి చదువైపోతుందని వాడి లెక్క.

గ్యారేజీ వాళ్లు మేం చెయ్యం అన్నారట. పాత మోడలు, వేరే యాక్సిల్ దొరకదు, అతికితే పూచీ ఇవ్వలేం అన్నారట.

"నువ్వుండగా గ్యారేజీలు ఎందుకబ్బా" అన్నాడు.

ముప్పై ఏళ్లు పైపులు అతికిన చెయ్యి నాది. రిటైరై నాలుగు నెలలు. ఇప్పుడు ఆస్పత్రిలో పనిచేసే మా ఆవిడ వీసా మీద బతుకుతున్నాను. కుమారియే నా కఫీల్, నా వీసాకి పూచీదారు. ఈ మాటంటే నవ్వుతుంది గానీ, కూరల సంచీ చేతికిచ్చేటప్పుడు మాత్రం అచ్చం కఫీల్ లాగే ఇస్తుంది.

సరే అన్నాను. ఇరవై రెండేళ్ల స్నేహం. కాదని ఎలా అంటాను.

ఫిబ్రవరి 2, శుక్రవారం

జుమ్మా నమాజు అయ్యాక బాషా వచ్చాడు. సాయంత్రానికి యాక్సిల్ కిందకి దింపాం. ఇద్దరికీ నడుములు పోయాయి. నూనె కారి వాకిలంతా జిడ్డు.

ఈ మురికి వాసన ముక్కుకి తగలగానే రువైస్ రిఫైనరీ సైటు గుర్తొచ్చింది. 2002లో ఇద్దరం ఒకే రోజు దిగాం, ఒకే క్యాంపు, పైనా కిందా మంచాలు. మధ్యాహ్నం పెద్ద పైపు నీడలో కూచుని క్యారేజీలు విప్పేవాళ్లం. నా పప్పుచారులో వాడి చేపల పులుసు కలిపేవాడు, వెధవ. "రెండు జిల్లాలకి వెల్డింగ్ చేసినా చూడు" అనేవాడు. అది తిండి కాదు, ఇప్పటికీ నాలిక మీదే ఉంది.

వెల్డింగులో మాత్రం వాడిది వేరే చెయ్యి. వాడు వేసిన అతుకు చేప పొలుసులు పేర్చినట్టుండేది. ఫిలిప్పీన్స్ వాడైన ముదీర్, అదే మా సైటు మేనేజరు, కొత్తవాళ్లని తీసుకొచ్చి మరీ చూపించేవాడు.

సైట్‌లో ప్రతి వెల్డర్‌కీ ఒక నంబరు. జాయింట్ పూర్తవగానే పక్కన ఉక్కు అచ్చు పెట్టి సుత్తితో కొట్టాలి. తర్వాత ఎక్స్‌రే తీస్తారు. ఫిల్ములో లోపం కనపడిందా, ఆ నంబరు గలవాడు దొరికిపోతాడు. నాది నలభై నాలుగు. వాడిది ముప్పై ఒకటి.

వాడికి ఒక ఎక్స్‌రే ఫెయిలైంది. అంతకుముందే రెండున్నాయి, మూడోదానికి తీసేశారు. లైసెన్స్ ఉంది కాబట్టి డ్రైవర్ అయ్యాడు. వాడికి మొదట్నుంచీ డ్రైవింగంటే ప్రాణం. ఒకరకంగా మంచికే జరిగింది. తర్వాత మూడేళ్లు మా మధ్య మాటల్లేవు, ఎడారిలో సిగ్నలుండేది కాదు మరి.

అతుకు మీది చిట్టెం రాల్చే చిప్పింగ్ సుత్తి కోసం పాత పనిముట్ల పెట్టె తీశాను. అడుగున గుడ్డమూట అలాగే ఉంది. విప్పలేదు.

ఫిబ్రవరి 3, శనివారం

యాక్సిల్ రెండు చివరలా గొలుసులు బిగించి, మధ్యలో జాకీ పెట్టి వంపు తీశాం. బాషా జాకీ దగ్గర, నేను దారం పట్టుకుని. ఈ చివర్నుంచి ఆ చివరికి దారం లాగితే వంపెంతో తెలిసిపోతుంది.

"ఇంకా వేలెడు వంకరుంది కదబ్బా. నాకీడికే కనపడతా ఉంది, దారం పట్టుకున్నోడివి నీకు కనపళ్లా?" అన్నాడు.

"దారం సన్నది" అన్నాను.

ఈ పనికి వాడే రాడ్లు తేమ పీల్చుకుంటాయి. వాడేముందు వేడి చేసి ఆరబెట్టాలి. సైట్‌లో దానికి వేరే పొయ్యి ఉంటుంది. ఇంట్లో ఏముంది, కుమారి కేకుల ఓవెన్ ఉంది. ట్రేలో వరసగా పేర్చి పెట్టాను. డ్యూటీ నుంచొచ్చి తలుపు తీసి చూసింది.

"క్రిస్మస్‌కి ప్లమ్ కేకు పెట్టిన దాంట్లో ఇనప చువ్వలేంటండీ?"

"ఈస్టర్‌కి ఇవే తిందాం."

"మీ పళ్లకి ఇవే సరి" అని పోయి పడుకుంది. రాత్రి డ్యూటీ చేసిన మనిషి, అంతకంటే తిట్టే ఓపిక లేదు పాపం.

ఫిబ్రవరి 4, ఆదివారం

చీలిక వెంబడి గ్రైండర్‌తో కాలవలా కోసి, గ్యాస్ మంటతో గొట్టం వేడి చేసి మొదటి రాడ్ వేశాను. చాన్నాళ్ల తర్వాత ఆ చిటపట విన్నాను. సంతోషంగా ఉంది. నిజంగానే సంతోషంగా ఉంది.

చిట్టెం కొట్టి చూస్తే అతుకు కాలవలో పడలేదు. పక్కన పడింది. రెండు మిల్లీమీటర్లు పక్కన.

రాడ్లలో తేమ.

బాషా టీ తెస్తానని వెళ్లాడు కాబట్టి చూడలేదు. వాడొచ్చేలోపు గ్రైండ్ చేసేశాను.

ఫిబ్రవరి 5, సోమవారం

రాడ్లు మళ్లీ ఓవెన్‌లో పెట్టాను, ఈసారి మూడు గంటలు. మళ్లీ అంతే. అతుకు దారి తప్పిన గొర్రెలా పోతోంది. హెల్మెట్ అద్దం గీతలు పడింది. మార్చాను. అయినా అంతే. అర్థమైంది, అజ్మాన్ కరెంటు సరిగా లేదు.

బాషా గొట్టం పక్కన గొంతుక్కూచుని, "మన సైట్‌లో అయితే ఇట్టాంటి జాయింట్‌కి ఎక్స్‌రే తీసేవోళ్లు కదబ్బా" అన్నాడు.

"అయితే ఇప్పుడేంటంటావ్? నన్ను అనుమానిస్తున్నావా?" అని అరిచాను.

వాడు బిత్తరపోయాడు. "నేనేమన్నా? ఊరికే అన్నా."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది నా పని. పైపెచ్చు మేడ మీదింటి కుబ్రా బేగం బట్టలారేసుకుని, "ఏం అన్నా, ఇంట్లనే కార్ఖానా పెట్టినవా? నా తెల్ల దుప్పటి మీద అంతా నల్లగ చుక్కలు పడ్డయ్" అని మొదలెట్టింది. ఇవాళ నాకు అందరూ శత్రువులే.

ఫిబ్రవరి 6

రాడ్లలో తేమే. ఇంకేం లేదు.

ఫిబ్రవరి 7, బుధవారం

కుమారి పట్టేసింది.

పొద్దున్న టీ పోస్తున్నాను. గ్లాసులో పోస్తున్నాననే అనుకున్నాను. పక్కన బల్ల మీద పోశాను. వచ్చి నా ఎడమ కన్ను చేత్తో మూసింది. "గోడ మీద క్యాలెండర్‌లో ఇవాళ తారీకెంతండీ?" అంది. క్యాలెండర్ ఎక్కడుందో తెలుసు. తారీకు కనపడలేదు. పాలు పొంగినట్టు తెల్లగా ఉంది.

"డిసెంబర్‌లోనే చెప్పాను, కుడికంట్లో శుక్లం ముదిరిందని. ఆపరేషన్‌కి రాయిస్తానంటే పండగ పోనీమన్నారు. పండగ పోయి నెల దాటింది. ఈ కంటితో ఆ మంట చూస్తున్నారా మీరు?"

"రాడ్లు..."

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట. రాడ్లు, కరెంటు, అద్దం! ఆ బండి ఇసకలో మళ్లీ విరిగితే పోయేది బాషా అన్నయ్య ఉద్యోగం ఒక్కటే కాదు. ఆయన దాన్ని నడుపుతాడండీ. దాని మీద కూచుని నడుపుతాడు."

గుడ్డ తెచ్చి బల్ల మీది టీ తుడిచాను. 

ఫిబ్రవరి 8, గురువారం

ఇంక వారమే ఉంది. వెల్డింగ్ తెలిసినవాడు బాషా ఒక్కడే. ఫోన్ చేసి కంటి సంగతి చెప్పాను. నువ్వే వెయ్యి, నేను పక్కనుండి చెప్తాను అన్నాను.

ఫోన్‌లో ఒంటెల గొంతులు వినిపించాయి. తర్వాత అన్నాడు.

"నా వల్ల కాదబ్బా. నా చెయ్యి మంచిది కాదని అప్పుడే ఫిల్ములో తేలింది కదా. ఇప్పుడేం వేస్తా?"

ఫోన్ పెట్టేశాడు.

వాడి చేతిని అంత మాట అన్నాడు. చేప పొలుసుల చేతిని.

రాస్తాను. ఇది నా పుస్తకమే, ఇందులో కూడా రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను.

2006 మార్చి పదకొండు. మా అమ్మాయి ఫేబా పుట్టిందని కాకినాడ నుంచి ఫోన్. తల్లికి రక్తం బాగా పోయింది, ఇంకా చెప్పలేం అన్నారు. నేను ఎత్తు మీద పైపు అతుకుతున్నాను, వెళ్లి ఫోన్ మాట్లాడొచ్చి మళ్లీ ఎక్కాను. చెయ్యి వణికింది. అడుగు అతుకు సరిగా పట్టలేదని నాకు అప్పుడే తెలుసు. చప్పుడులోనే తెలిసిపోతుంది. గ్రైండ్ చేసి మళ్లీ వెయ్యొచ్చు గానీ, షిఫ్టు అయిపోవచ్చింది. పైన అందంగా కప్పేశాను. నాకూ అప్పటికి రెండు ఫెయిళ్లున్నాయి. మూడోదైతే ఇంటికే. ఇంట్లో పసిగుడ్డు, మంచం మీద కుమారి.

మా ఇద్దరికీ పనిముట్ల పెట్టె ఒకటే. ఒక్కో అంకెకి ఒక్కో అచ్చు, అన్నీ అందులోనే ఉండేవి. మూడు తీశాను. ఒకటి తీశాను. కొట్టాను. రెండు దెబ్బలు.

అచ్చులు తారుమారయ్యాయని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. నాలుగుకీ మూడుకీ చీకట్లో తేడా తెలీలేదని. చీకటెక్కడిది, సాయంత్రం నాలుగున్నర. ఎండ ఫెళ్లున కాస్తోంది.

ఫిల్ము వచ్చినరోజు ముదీర్ అడిగితే, బాషా రాడ్లలో తేమ ఉండుంటుంది అని నేనే చెప్పాను. వాణ్ని వెనకేసుకొస్తున్నట్టు.

రాడ్లు పొడిగానే ఉన్నాయి. అప్పుడూ పొడిగానే ఉన్నాయి, ఇప్పుడూ పొడిగానే ఉన్నాయి.

ఫిబ్రవరి 9, శుక్రవారం

మసీదు బయట నించున్నాను. నమాజు అయ్యాక బాషా చెప్పులేసుకుంటూ నన్ను చూసి, "ఏందబ్బా, ముస్లిం అవతా ఉండావా?" అన్నాడు. నవ్వలేదు నేను. గోడ నీడకి తీసుకెళ్లి మొత్తం చెప్పాను. ఫోన్, వణుకు, అచ్చులు, రెండు దెబ్బలు. తేమ అన్న మాటతో సహా. ఎక్కడా ఆపలేదు, ఆపితే మళ్లీ నోరు రాదని భయం.

వాడు చెప్పు వారు సర్దుకుంటూ విన్నాడు. అయ్యాక తలెత్తాడు.

"నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"నేను వేసిన అతుకు నాకు తెలీదా రత్నం? నాదైతే చీకట్లో తడిమి చెప్తా. ఆ జాయింట్ చూడంగానే తెలిసింది, అది నీదని."

"మరి ముదీర్‌తో ఎందుకు చెప్పలేదురా?"

"చెప్పేదానికే పోయినా. ఆఫీసు గుమ్మంలో నువ్వు లడ్లు పంచతా ఉండావు. తల్లీ బిడ్డా బతికినారని. నా నోట్లో కూడా ఒకటి కుక్కినావు. నోట్లో లడ్డు పెట్టుకొని ఏం చెప్పేది?"

నాకు ఏడుపొచ్చింది. యాభై ఎనిమిదేళ్ల వాణ్ని, మసీదు గోడ పక్కన, అందరూ చూస్తుండగా.

"ఏడవబాక. క్షమించినానని చెప్పలా నేను" అన్నాడు. ఆ గొంతు నేను ఎప్పుడూ విన్నది కాదు. "మూడేళ్లు నీతో మాట్లాడలా. నువ్వేమో సిగ్నల్ లేదనుకున్నావు. సిగ్నల్ బాగానే ఉండింది. నీ ఫోన్ వస్తే పక్కన పెట్టేవాణ్ణి. తర్వాత ఆ ఇసకలో ఒంటరిగా ఉండలేక నేనే చేసినా. తెలుగులో తిట్టుకునేదానికి నువ్వు తప్ప ఎవరుండారు? ఫోన్ చేసిన ప్రతిసారీ అనుకుంటా, ఇవాళ చెప్తాడు, ఇవాళ చెప్తాడని. నిన్న కూడా చెప్తావేమోనని ఆ మాటన్నా."

 రోడ్డు దాటి వెళ్లిపోయాడు. వెనక్కి చూడలేదు.

ఇంటికొచ్చి కుమారికి కూడా చెప్పాను. అన్నం ముందు నించి లేచెళ్లిపోయింది. తలుపు అవతల్నుంచి ఒక్క మాట అంది. "నా పేరు చెప్పి చేశారన్నమాట."

ఫిబ్రవరి 10, శనివారం

బాషా రాలేదు. యాక్సిల్ వాకిట్లో పడుంది. దాని మీద టార్పాలిన్ కప్పాను. కుమారి మాట్లాడటం లేదు, చుక్కల మందు మాత్రం కంట్లో వేసి వెళ్లింది.

ఫిబ్రవరి 11, ఆదివారం

పొద్దున్నే గేటు చప్పుడు. బాషా. చంకలో తోలు గ్లవ్స్, పాతవి, వేళ్ల దగ్గర కాలిపోయినవి. రువైస్‌వి.

"ఇంకా ఉంచావా?" అన్నాను.

"నువ్వు ఉంచలా ఏంది, ఏదో ఒకటి?" అన్నాడు. ఎలా తెలుసో వీడికి.

ముందు తుక్కు ప్లేట్ల మీద చెయ్యి తిప్పించాను. మొదటి రాడ్ అంటుకుపోయింది. రెండోదీ. "పద్దెనిమిదేళ్లబ్బా!" అని రాడ్‌ని బూతులు తిట్టాడు. పదో రాడ్‌కి చేతికి నడక వచ్చింది. ఇరవయ్యోదానికి నేను కళ్లు మూసుకుని చప్పుడు మాత్రం విన్నాను. నూనెలో ఆవాలు వేగినట్టు, ఎక్కడా తెగకుండా. అదే చెయ్యి. దేవుడా, అదే చెయ్యి.

ఫిబ్రవరి 12, సోమవారం

చీలిక అతికేశాడు. నేను పక్కన కూచుని చెవితో చూశాను. "మంట పొడుగైంది, దగ్గరికి తే" అంటే తెచ్చాడు. "తెలుసులేబ్బా, అరవబాక" అన్నాడు కూడా.

అతుకు ఒక్కసారిగా చల్లారితే మళ్లీ పగుల్తుంది. నిదానంగా చల్లారాలి. బాషా ఎవరిదో బండి అడిగి, దాని వెనక రెండు గోతాల ఇసక తెచ్చాడు, ఆ దిబ్బదే, బండిని విరగ్గొట్టిన దిబ్బది. పెనం మీద వేయించినట్టు రేకు మీద వేడి చేసి, గొట్టం చుట్టూ పోశాం. రేకు అన్నానా, నిజానికి కుమారి పెద్ద ట్రే. ఆవిడ చూసి లోపలికెళ్లింది. కాసేపాగి రెండు గ్లాసుల టీ తెచ్చింది. మూడోది లేదు. "అన్నయ్యా, మీరూ నేనూ తాగుదాం" అని బాషాకి ఒకటిచ్చింది. వాడు సగం నాకు పోశాడు.

ఫిబ్రవరి 13, మంగళవారం

యాక్సిల్‌కి బలం కోసం మందపాటి ప్లేటు కోసి పొడుగునా వెన్నుబద్దలా నిలబెట్టాం. ఒక్క దెబ్బలో అతికితే వేడికి గొట్టం మళ్లీ వంగుతుంది. ఇక్కడ రెండంగుళాలు, ఆ చివర రెండంగుళాలు, మధ్యలో ఆగడం. ఆగినప్పుడల్లా కబుర్లు. డెబ్బైమంది ఎక్కిన క్యాంపు బస్సు, దొంగతనంగా వండిన రొయ్యల కూర, వాసనకి లేచొచ్చిన వాచ్‌మన్‌కే వడ్డించడం. ఇలాంటివి నాకు మాత్రమే గుర్తున్నాయనుకున్నాను. వాడికి నాకంటే ఎక్కువ గుర్తున్నాయి. రొయ్యల్లో ఉప్పు తక్కువైందట, అది కూడా గుర్తుంది.

దారం లాగి చూశాం. ఈసారి చూసింది బాషా. "చక్కంగా ఉంది" అన్నాడు.

ఫిబ్రవరి 14, బుధవారం

యాక్సిల్ ఎక్కించే ముందు పెట్టె అడుగు నుంచి గుడ్డమూట తెచ్చి వాడి చేతిలో పెట్టాను. విప్పాడు. రెండు ఉక్కు అచ్చులు. మూడు. ఒకటి.

"పారేద్దామనుకున్నానురా. చెయ్యి రాలేదు."

వాడు వాటిని అరచేతిలో బరువు చూస్తున్నట్టు అటూ ఇటూ కదిపాడు. కుమారి గుమ్మంలో నించుంది. 

బాషా సుత్తి తీసుకున్నాడు. తను వేసిన అతుకు పక్కన అచ్చు పెట్టి కొట్టాడు. మూడు. ఒకటి. రెండు దెబ్బలు.

తర్వాత గొంతు పెద్దది చేసి, ఎదురుగా ఎవరో నించున్నట్టు, "ముదీర్! ముప్పై ఒకటి రెడీ. తీసుకో ఎక్స్‌రే" అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు. సుత్తి కింద పెట్టి గ్లవ్స్‌తో మొహం కప్పుకున్నాడు. నేను దగ్గరికి వెళ్లలేదు. కుమారి వెళ్లింది.

ఫిబ్రవరి 15, గురువారం

బండి పొద్దున్నే వెళ్లింది. మధ్యాహ్నం దాకా కబురు లేదు. అన్నం సహించలేదు.

రెండున్నరకి వాయిస్ మెసేజ్. ఇంజన్ రొద, గాలి. "రత్నం, ట్యాంకు నిండా నీళ్లు. అదే దిబ్బ. చిన్న అర్బాబ్ పక్కన కూచోనుండాడు, పిల్లోడు భయపడి పిడి పట్టుకున్నాడు. ఎక్కినాం, దిగినాం. కిందకి దూరి యాక్సిల్ చూసి, ఈ నంబరేందని అడిగినాడు. నాదే అని చెప్పినా. ఉండమన్నాడబ్బా. రెండేళ్లు."

కుమారి కూడా వింది. మళ్లీ పెట్టమంది. మళ్లీ పెట్టాను.

ఆపరేషన్ ఇరవై రెండుకి రాయించింది. ఆస్పత్రికి బాషా తీసుకెళ్తాట్ట. ఈ బండిలోనే.